నింగి గడియారము – నేల పరీక్ష

మొన్న మన పాఠశాలలో జరిగిన చిత్రలేఖన ప్రదర్శనమునందు తొమ్మిదవ తరగతి బాలుడొకడు చేతి గడియారపు చిత్రమొకటి గీసి గోడకు తగిలించెను. నల్లని ముఖఫలకము, దానిపై నక్షత్రములు, సెకన్ల ముల్లునకు బదులు చిన్న రాకెట్టు. అడుగున, "అంతరిక్ష గడియారము. నూరేండ్లు చెడిపోదు. వెల లక్ష రూపాయలు" అని వ్రాసియుండెను. చూచినవారందరు నవ్విరి, మెచ్చుకొనిరి. బాలుని తండ్రి మాత్రము నవ్వలేదు. ఆయన సేద్యము చేసికొని బ్రతుకువాడు. నన్ను ప్రక్కకు పిలిచి, "సారూ, పత్తి అమ్మితే వచ్చిన డబ్బు అప్పులకే చాలదు. నా కొడుకు లక్ష రూపాయల గడియారం గీస్తున్నాడు. మనకెందుకు సారూ ఇవి? అదీగాక, తెలుగులో చదివినవాడు ఇట్లాంటివి చేయగలడా?" అని యడిగెను.

ఆ మాటలలో రెండు ప్రశ్నలున్నవి. బీదవాని బిడ్డకు భోగవస్తువును గూర్చిన ఆలోచన తగునా అనునది మొదటిది. మాతృభాషలో చదివినవాడు సూక్ష్మమైన యంత్రమును రూపొందింపగలడా అనునది రెండవది. ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పజాలకపోతిని. ఆ తండ్రికిని, అటువంటి సందేహము మనసున మెదలుచున్న తలిదండ్రులందరికిని, అందరికంటె ముఖ్యముగా ఆ బాలునికిని ఈ వ్యాసమే నా సమాధానము.

ముందుగా భోగవస్తువనగానేమో తేల్చుకొందము. మనలో పెక్కుమందికి వెలగల గడియారమనగా బంగారు గడియారమే. మన జిల్లాలోని లింగసుగూరు తాలూకా హట్టి గనులలో బంగారము త్రవ్వుచున్నారు గనుక మనకు ఆ భావము మరింత సహజము. కాని బంగారము మెత్తని లోహము. సులభముగా గీతలు పడును, సొట్టలు పడును. నీటికంటె ఇంచుమించు 19 రెట్లు బరువైనది. పెండ్లిలో కట్టుకొనుటకు అది బాగుండవచ్చును గాని పనిలో కట్టుకొనుటకు కాదు. 1969 జూలైలో చంద్రునిపై నడచిన బజ్ ఆల్డ్రిన్ తన అంతరిక్ష దుస్తుల చేతిపై కట్టుకొన్నది ఉక్కు పెట్టెలో అమర్చిన ఒమేగా స్పీడ్‌మాస్టరు గడియారము. ప్రతిదినము చేతితో కీ ఇచ్చుకొనవలసిన సాధారణ యంత్రమది. ఆయనతో కూడ దిగిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, నౌకలోని గడియారము సరిగా పనిచేయకపోవుటచే, తన చేతి గడియారమును దాని బదులు నౌకలోనే ఉంచి దిగెను.

ఆ గడియారమును అంతరిక్షము కొరకై ప్రత్యేకముగా చేయింపలేదు. అది అంగడిలో ఎవరైనను కొనదగిన వస్తువు. అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసా కొన్ని కంపెనీల గడియారములను తెప్పించి పరీక్షకు పెట్టెను. 71 డిగ్రీల సెల్సియస్ వేడిలో 48 గంటలు, పిమ్మట 93 డిగ్రీలలో అరగంట. సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో 4 గంటలు. 95 శాతమునకు తగ్గని తేమలో 240 గంటలు. బరువునకు 40 రెట్ల బలముతో ఆరు దిక్కులనుండి ఆరు దెబ్బలు. ఇవిగాక శూన్యము, కంపనము, చెవులు పగులు ధ్వని. ఒక గడియారపు ముల్లు వేడికి వంగిపోయినది. మరియొకదాని అద్దము వంగి ఊడిపోయినది. చివరకు నిలిచినది స్పీడ్‌మాస్టరొక్కటే. 1965 మార్చి 1వ తేదీన దానిని మానవయాత్రలకు తగినదిగా అంగీకరించిరి.

అయిదేండ్లకు ఆ పరీక్షల ఫలము తెలిసినది. 1970 ఏప్రిలులో అపోలో-13 నౌకయందు ప్రాణవాయువు తొట్టి పేలినది. విద్యుత్తును పొదుపు చేయుటకై పరికరములను ఆర్పివేసిరి. దారి తప్పుచున్న నౌకను సరిదిద్దుటకు యంత్రమును సరిగా 14 సెకనులు మండింపవలసి వచ్చినది. జాక్ స్విగర్ట్ తన చేతి గడియారమును చూచి ఆ 14 సెకనులు లెక్కించెను. ముగ్గురును ప్రాణములతో నేలకు తిరిగివచ్చిరి.

ఆ క్షణమున ఆ గడియారమునకు వెల కట్టగలవారెవరు? కావున నా అభిప్రాయమున, వస్తువునకు గొప్పతనము దాని మెరుపు వలన రాదు. ఆపదలో నమ్మదగినదై యుండుట వలన వచ్చును. మన్నిక లేని భోగవస్తువు పెట్టె లోపలి ఆభరణమువంటిది. మన్నిక గలది తాతనుండి మనుమనికి సంక్రమించు ఆస్తి.

ఇక విద్యార్థులారా, రూపకల్పన యనగా చిత్రము గీయుట మాత్రమే కాదని తెలిసికొనుడు. అది ఎంపిక చేయుట. ప్రతి ఎంపికకును ఒక లాభము, ఒక నష్టము ఉండును.

అద్దమును చూడుడు. నేటి వెలగల గడియారములకు కృత్రిమ నీలమణి స్ఫటికమును అద్దముగా వాడుచున్నారు. కాఠిన్యపు కొలతలో వజ్రము 10 అయినచో అది 9. మన గాలిలో ఎగురు ఇసుక రేణువు 7. కావున ఇసుక దానిని గీయజాలదు. కాని గట్టి దెబ్బ తగిలినచో అది ముక్కలగును. అంతరిక్షమునకు పోయిన స్పీడ్‌మాస్టరుకు హెసలైటు అను ప్లాస్టిక్ అద్దమును అమర్చిరి. దానిపై ఇట్టే గీతలు పడును గాని అది పెంకులు పెంకులుగా చెదరదు. బరువు తెలియని నౌకలో గాజు పెంకులు గాలిలో తేలుచు కంటిలోనో ఊపిరిలోనో పడినచో ఎంత ప్రమాదము! కావున అచ్చట గీతలు పడు అద్దమే మేలైనది. నేలపై ఇసుకలో పనిచేయువానికి నీలమణియే మేలు. ఏది శ్రేష్ఠమని యడుగుటకు ముందు, ఎవరికి, ఎక్కడ అని యడుగవలెను.

లోహమును చూడుడు. ఉక్కు నీటికంటె ఇంచుమించు 8 రెట్లు బరువు. టైటానియము నాలుగున్నర రెట్లు. అనగా అదే పరిమాణముగల గడియారము ఇంచుమించు సగమునకు కొంచెము పైబడిన బరువుతోనే తయారగును. చెమటకు తుప్పు పట్టదు, చర్మమునకు దద్దురులు రావు. కాని మలచుట కష్టము. శుద్ధ టైటానియము పైన గీతలు త్వరగా పడును గనుక పైపొరను గట్టిపరుపవలెను. ఈ లోహము మనకు పరాయిది కాదు. హైదరాబాదులో 1973లో స్థాపింపబడిన మిధాని కర్మాగారము అంతరిక్ష, రక్షణ శాఖల కొరకు టైటానియపు మిశ్రలోహములను తయారుచేయుచున్నది. ఆ లోహమునకు మూలమైన ఇల్మెనైటు మన తెలుగు తీరపు ఇసుకలో శ్రీకాకుళము, భీమునిపట్టణము దిక్కున దొరకును.

కదలికను చూడుడు. చేతి కదలికతో తనంతట తానే కీ ఎక్కు గడియారమునందు ఒక బరువైన అర్ధచక్రము తిరుగుచుండును. భూమి ఆకర్షణ తెలియని చోట అది తిరుగదేమో అని కొందరు సందేహించిరి. 1973-74లో స్కైలాబ్ అంతరిక్షశాలయందు 84 దినములున్న విలియం పోగ్, అధికారుల పరీక్షలు పొందని తన సొంత సైకో గడియారమును వెంట తీసికొని పోయెను. అది చక్కగా నడచినది. వస్తువునకు బరువు తెలియకున్నను జడత్వము పోదు గదా! చేయి కదలినప్పుడు చక్రము వెనుకబడును, అదే చాలును. భౌతికశాస్త్రములో మీరు చదివిన జడత్వ సూత్రమే అచ్చట కీ ఇచ్చినది.

విఫలమైన ఉదాహరణము కూడ నేర్పును. 1962 మే 24వ తేదీన భూమిని చుట్టివచ్చిన స్కాట్ కార్పెంటరు 24 గంటల ముఖఫలకముగల బ్రైట్లింగు గడియారమును కట్టుకొని పోయెను. కక్ష్యలో పగలును రాత్రియు మాటిమాటికి మారుచుండును గనుక 12 గంటల ఫలకము చూచి అది పగటి ఆరో, రాత్రి ఆరో తెలియదు. ఆలోచన ఉత్తమమైనది. కాని ఆయన సముద్రములో దిగినప్పుడు నీరు చొరబడి గడియారము చెడిపోయినది. చిన్న రబ్బరు వలయము చేయవలసిన పని చేయకున్న ఎంత గొప్ప ఆలోచనయు మునిగిపోవును.

ఇప్పుడు మన బాలుని చిత్రమునకు వత్తును. సెకన్ల ముల్లుగా రాకెట్టును పెట్టుట చూపునకు ఇంపుగా నున్నది. కాని ఆ ముల్లు నిమిషమునకొకసారి చుట్టు తిరుగవలెను. దాని కొనయందు బరువుంచినచో యంత్రమునకు భారము పెరుగును. దెబ్బ తగిలినప్పుడు ముల్లు వంగును. అది అలంకారమే గాని ఆలోచన కాదు. అంతరిక్షమునుండి ప్రేరణ పొందుట యనగా రాకెట్టు బొమ్మ అతికించుట కాదు. అచ్చటి ఇక్కట్లను తెలిసికొని వాటికి తగిన ఉపాయము పన్నుట.

అటువంటి ఉపాయమొకటి మన భాషలోనే దాగియున్నది. గడియారమను మాటలో గడియ యున్నది. అడుగున చిన్న రంధ్రముగల గిన్నెను నీటిపై నుంచినచో అది నిండి మునుగుటకు పట్టు కాలమును పూర్వులు ఒక ఘడియగా లెక్కించిరి. ఘడియకు 24 నిమిషములు. దినమునకు 60 ఘడియలు. ఏడున్నర ఘడియలు ఒక జాము. దినమునకు ఎనిమిది జాములు. భూమికి దగ్గరి కక్ష్యలో తిరుగు నౌక ఇంచుమించు 90 నిమిషములకొకసారి భూమిని చుట్టివచ్చును. 90 నిమిషములనగా సరిగా అర జాము! దినమునకు పదునారు అర జాములు. నౌకలోనివారికి పదునారు సూర్యోదయములు. కావున ఎనిమిది జాములుగా విభజించిన ముఖఫలకముపై అర జాము గుర్తులుంచినచో, కార్పెంటరు కోరిన 24 గంటల ఫలకమును, కక్ష్యల లెక్కయు ఒకేచోట కుదురును. మీ అవ్వ నోట "రెండో జాము" అను మాట వినిన బాలునికి తోచవలసిన ఊహ యిది. ఇది పుస్తకములనుండి అరువు తెచ్చుకొన్నది కాదు, ఇంటిలోనిది.

అంతరిక్షపు పరీక్షలు నాసా గదులలో జరిగినవి. మన పరీక్షలు మన పొలములలోనే యున్నవి. రాయచూరు ఎండ మీకు తెలియును. చైత్ర వైశాఖములలో 40 డిగ్రీలు దాటుట మనకు వింత కాదు. ట్రాక్టరుపై ఎండలో విడిచిన గడియారమును ముట్టి చూడుడు, చేయి చుర్రుమనును. పత్తి జిన్నింగు మిల్లులోని నూగు, శక్తినగరు విద్యుత్కేంద్రపు బూడిద, తుంగభద్ర కాలువ క్రింద సింధనూరు, మాన్వి క్యాంపుల మడులలోని బురద, నల్లరేగడి ధూళి, చెమట యందలి ఉప్పు – ఇవి మన పరీక్షాధికారులు. వేడికి నూనె పలుచనై జారును. ధూళికి అదే నూనె మడ్డియై చక్రములను పట్టుకొనును. గడియారములు బాగుచేయువాడు మొదట చేయు పని ఆ మడ్డిని కడుగుటయే. స్ఫటికముతో నడచు గడియారము కూడ ఎండకు లొంగును. అందలి స్ఫటికము సెకనునకు 32,768 పర్యాయములు కంపించును. రెండును రెండుచే పదునాలుగు సార్లు హెచ్చించినంత మాత్రమున, అనగా రెండు యొక్క పదునైదవ ఘాతమున, ఈ సంఖ్య వచ్చునని గణితములో సరిచూచుకొనుడు. సాధారణముగా 25 డిగ్రీల దగ్గర దాని నడక సరిగా నుండునట్లు అమర్తురు. వేడి హెచ్చినను, చలి హెచ్చినను అది కొంచెము వెనుకబడును. ఇది తెలిసినవాడు మన ఎండలకు తగిన సవరణను గూర్చి ఆలోచింపగలడు. నింగికి తగిన గడియారము ముందు మన నేలపై నిలువవలెను.

ఇక ఆ తండ్రి మొదటి ప్రశ్న. అయ్యా, మీ కుమారుడు గీసిన గడియారము ఆతడు కట్టుకొనుటకు కాదు, చేసి అమ్ముటకు. లక్ష రూపాయల గడియారములోని ఉక్కును గాని టైటానియమును గాని తూచి అమ్మినచో ఎంత వచ్చును? మిగిలిన వెల యంతయు పనితనమునకు, ఆలోచనకు, పేరునకు. మనము పత్తిని పత్తిగా అమ్మి బట్టను బట్టగా కొనుచున్నాము. హట్టి బంగారము గనినుండి కడ్డీగా పోవుచున్నది. నగగా తిరిగివచ్చునప్పుడు కూలి మనమే చెల్లించుచున్నాము. మధ్యనున్న పనితనమే మన చేతికి రాలేదు. ముడి వస్తువు నమ్ముకొన్న జిల్లాకు ధర పడిపోయినప్పుడు దిక్కు లేదు. పనితనము నేర్చిన జిల్లా ముడి వస్తువు లేకున్నను బ్రతుకును. స్విట్జర్లాండు కొండలలో బంగారు గనులుండుట చేత ఆ దేశము గడియారములకు పేరొందలేదు.

ఇది మనకు సాధ్యమా యందురేమో. సాధ్యమేయని మన పరిసరములలోనే ఋజువైనది. 1961లో బెంగుళూరునందు హెచ్.ఎం.టి. సంస్థ జపానుకు చెందిన సిటిజెన్ కంపెనీ తోడ్పాటుతో చేతి గడియారముల కర్మాగారమును స్థాపించెను. దాని 'జనతా' గడియారమును కట్టుకొనని కుటుంబము ఆ తరములో అరుదు. 1984లో టాటా సంస్థయు, తమిళనాడు ప్రభుత్వపు పారిశ్రామికాభివృద్ధి సంస్థయు కలిసి టైటాన్‌ను నెలకొల్పినవి. దాని కర్మాగారము హోసూరులో నున్నది. 2002లో ఆ సంస్థ 'ఎడ్జ్' అను గడియారమును వెలువరించెను. లోపలి యంత్రము మందము 1.15 మిల్లీమీటరు, మొత్తము గడియారము మందము మూడున్నర మిల్లీమీటరులు. ఇటీవల, 2018లో ప్రారంభమైన బెంగుళూరు వాచ్ కంపెనీ మన దేశపు అంతరిక్ష కార్యక్రమమునుండి ప్రేరణ పొంది 'అపోజీ' అను గడియారములను రూపొందించినది. వాటి పెట్టె టైటానియము. ఒక రకమునకు ఉల్కాశిల పలకనే ముఖఫలకముగా అమర్చిరి. అపోజీ యనగా కక్ష్యలో భూమికి మిక్కిలి దూరమైన బిందువు. ఆ గడియారములోని యంత్రము మాత్రము స్విట్జర్లాండునుండి వచ్చినదే. మన బాలురు చేయవలసిన పని ఇంకను మిగిలియున్నదనుటకు అదియే సాక్ష్యము.

ఇచ్చట ఒక చేదు సత్యమును దాచరాదు. 'జనతా' గడియారములు నేటికిని కొందరి చేతులపై నడచుచున్నవి గాని, వాటిని చేసిన హెచ్.ఎం.టి. వాచెస్ కంపెనీని మూసివేయుటకు కేంద్ర మంత్రివర్గము 2016 జనవరిలో అనుమతించినది. తుమకూరులోని ఆ గడియారముల కర్మాగారపు భూమిని ఇస్రోకు అప్పగించిరి. గడియారములు చేసిన నేల అంతరిక్ష సంస్థ చేతికి వచ్చినది! స్ఫటిక గడియారములు అంగడిని ఆక్రమించుచున్న కాలమున ఆ సంస్థ తగినంత వేగముగా మారలేకపోయినది. వస్తువు మన్నినంత మాత్రమున సంస్థ మన్నదు. మార్పవలసినదానిని మార్చుకొనుచు, మార్పరానిదానిని నిలుపుకొన్నదే మన్నును. ఈ మాట గడియారములకెంత వర్తించునో, భాషాల్పసంఖ్యాకుల పాఠశాలలకును అంత వర్తించునని నా నమ్మకము.

ఇది రెండవ ప్రశ్నకు త్రోవ తీయుచున్నది. తెలుగులో చదివినవాడు ఇటువంటివి చేయగలడా? స్పీడ్‌మాస్టరును తయారుచేయు ఒమేగా సంస్థ యున్న ఊరు స్విట్జర్లాండులోని బీల్. ఆ ఊరికి రెండు పేర్లు. జర్మను వారికి బీల్, ఫ్రెంచి వారికి బియెన్. రెండు భాషలును అచ్చట అధికార భాషలే. వీధి పలకలు సైతము రెండు భాషలలో నుండును. ఆ రాష్ట్రమున జర్మను మాటలాడువారే అధికులు. ఫ్రెంచివారు మనవలె అల్పసంఖ్యాకులు. చంద్రునిపైకి పోయిన గడియారము రెండు భాషల ఊరినుండి పోయినది. రెండు భాషలుండుట ఆ ఊరి చేతికి సంకెల కాలేదు. మన దగ్గరనే హోసూరును చూడుడు. తమిళనాడు సరిహద్దులో, తెలుగు కన్నడములు ఇండ్లలో మాటలాడు ప్రాంతమది. చుట్టుప్రక్కల పల్లెల యువతీయువకులను చేర్చుకొని టైటాన్ సంస్థ వారికి పనితనము నేర్పినది. ఇంటి భాష ఏదైనను వ్రేళ్ళు నేర్చుకొన్నవి.

నేను మాతృభాషపై గుడ్డి మమకారముతో ఈ మాట చెప్పుట లేదు. తెలుగు మాత్రమే చాలునని చెప్పువాడు బాలునికి మేలు చేయువాడు కాడు. మనము 1956 నవంబరు 1వ తేదీనుండి కన్నడ రాష్ట్రమున నున్నాము. కన్నడము మన ఇరుగుపొరుగువారి భాష, మన అంగడి భాష, బెంగుళూరు కర్మాగారములలో ప్రవేశింపదలచినవానికి అవసరమైన భాష. ఆంగ్లమో, శాస్త్రగ్రంథముల భాష. ఈ రెండును మన పిల్లలు చక్కగా నేర్వవలెను. ఇది మార్చుకొనవలసిన భాగము. కాని జడత్వమేమో, కక్ష్య యేమో, లోహపు కాఠిన్యమేమో మొదట తెలియవలసినది పిల్లవాడు కల గను భాషలో. తెలిసిన విషయమునకు మరియొక భాషలో పేరు నేర్చుకొనుట ఒక దినపు పని. తెలియని విషయమును తెలియని భాషలో కంఠస్థము చేయుట ఏండ్ల తరబడి వ్యర్థశ్రమ. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు సౌకర్యములు కల్పింపవలెనని మన రాజ్యాంగమునందలి 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ వెసులుబాటు దయాభిక్ష కాదు, ఉపాయము. ఇది నిలుపుకొనవలసిన భాగము.

అయితే ఈ పాఠశాలయందు పనిచేయు మేమును మా తప్పును ఒప్పుకొనవలెను. జడత్వమును మేము నల్లబల్లపై వ్రాసి, జవాబు వ్రాయించి, మార్కులు వేయుచున్నాము. ఒక్క గడియారమునైనను విప్పి చూపలేదు. పిల్లవాడు అలంకారమును ఆలోచన యనుకొన్నచో అది వాని దోషము కాదు; అలంకారమువంటి చదువు చెప్పిన మా దోషము. తలిదండ్రులు మా పాఠశాలను వీడి పోవుచున్నారని వగచుటకు ముందు, వారు ఉండదగిన కారణమొకటి మేము చూపవలెను.

కావున నాదొక సూచన. శనివారము మధ్యాహ్నము ఒక గంట, ఉన్నత తరగతుల విద్యార్థులకు గడియారపు పాఠము నడుపుదము. చెడిపోయిన గడియారమును విప్పి, ఒక్కొక్క భాగమునకు తెలుగు పేరు, కన్నడ పేరు, ఆంగ్లపు పేరు వ్రాయుదము. ఎండలో నుంచి, నీటిలో నుంచి, దుమ్ములో నుంచి ఎంతసేపు నడచునో నోటుపుస్తకములో గుర్తించుదము. పిమ్మట ప్రతివాడును తన ఇంటిలో ఎవరి చేతికి గడియారము కావలెనో – మడిలో నాట్లు వేయు తల్లికా, గనిలో దిగు మామకా, కన్ను కనబడని తాతకా – వారికి తగినదానిని గీయవలెను. అవసరమును గుర్తించినవాడే రూపకర్త. అతడు రేపు అంతరిక్షయాత్రికునికి గీయగలడు, ఐశ్వర్యవంతునికి గీయగలడు. చూచు కన్ను ఒక్కటే.

తలిదండ్రులారా, దీనికి డబ్బడుగుట లేదు. మీ యింటి ఇనుపపెట్టెలో తాతగారిదో, పెండ్లినాటిదో నిలిచిపోయిన గడియారము ఒకటి ఉండియుండును. దానిని పారవేయకుడు, పాత సామానులవానికి అమ్మకుడు. మీ పిల్లవాని చేతికిచ్చి బడికి పంపుడు. దానిని తిరిగి నడిపింతుమని నేను మాట ఇయ్యజాలను. కాని అది ఎందుకు నిలిచినదో మీ పిల్లవాడు మీకు ఇంటికి వచ్చి తెలుగులో చెప్పును. ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు అంతకంటె మంచి సమాధానము నాకు తోచుట లేదు.